ఛార్జింగ్ స్టేషన్ బిల్లును సరిచూసుకోవడం ఎలా

సూర్యాపేట దగ్గర హైవే పక్కన నా ఎలక్ట్రిక్ కారుకి ఛార్జింగ్ గన్ తగిలించి నిలబడి ఉన్నాను. పక్క గన్ దగ్గర ఒక పెద్దాయన, కారు కొత్తది, ఫోన్‌లో బిల్లు చూసుకుని నా వైపు తిరిగి అడిగారు: "బాబూ, ఛార్జింగ్‌కి యూనిట్ ఆరు రూపాయలే అని పేపర్లో చదివాను. వీళ్లేమో ఇరవై ఒకటి లాగారు. ఇది మోసం కాదూ?" కాదండీ అన్నాను. ఎందుకు కాదో చెప్పేలోపే ఆయన ఫోన్ మోగింది, బయల్దేరి వెళ్లిపోయారు. ఆయనకి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఆ ఇరవై ఒకటి మోసం కాకపోయినా, ఛార్జర్ దగ్గర నిజంగానే ఎక్కువ పట్టే సందర్భాలున్నాయి. రెండిటికీ తేడా మీకు మీరే తేల్చుకోగలగాలి.

ముందు ఈ ఒక్క సంగతి పట్టుకోండి

పబ్లిక్ ఛార్జర్ దగ్గర మీరు కొంటున్నది, చట్టం దృష్టిలో, కరెంటు కాదు. సేవ. 2018 ఏప్రిల్ 13న కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన వివరణ ఇదే: బ్యాటరీని ఛార్జ్ చేయడం విద్యుత్ అమ్మకం కిందికి రాదు, కాబట్టి ఛార్జింగ్ స్టేషన్ పెట్టడానికి 2003 విద్యుత్ చట్టం కింద లైసెన్స్ అక్కర్లేదు. స్టేషన్లు త్వరగా రావాలని తీసుకున్న నిర్ణయం అది. దాని ఫలితాలు మాత్రం నేరుగా మన జేబు దాకా వస్తాయి.

ఇంట్లో మీరు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వినియోగదారులు. మీ యూనిట్ ధరను విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేస్తుంది. ఛార్జింగ్ స్టేషన్‌లో డిస్కం వినియోగదారు ఆ స్టేషన్ యజమాని, మీరు కాదు. మండలి ఖరారు చేసే ధర డిస్కం ఆయనకి వేసే ధర. పేపర్లో వచ్చే ఆరు రూపాయలు అదే. ఇటీవలి టారిఫ్ ఆర్డర్లలో అది తెలంగాణలో 6 రూపాయల దగ్గర, ఆంధ్రలో 6.70 దగ్గర ఉంది. ఆయన మీకు ఎంతకి ఇవ్వాలన్నది మండలి చెప్పదు.

బిల్లు మీద గొడవ వస్తే కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కి ఫోన్ చేసి లాభం లేదన్నది కూడా ఇక్కడి నుంచే వస్తుంది. డిస్కం ఫిర్యాదుల వేదిక మీ ఫిర్యాదు తీసుకోదు, ఎందుకంటే మీరు వాళ్ల వినియోగదారులు కారు. మీరు వెళ్లాల్సింది వినియోగదారుల చట్టం వైపు. ఆ దారి చివర్లో చెబుతాను.

మొదటి పని: ధరను ముక్కలుగా విడదీయండి

యాప్‌లో కనిపించే ఒక్క అంకెలో కనీసం మూడు ముక్కలుంటాయి.

ఒకటి, స్టేషన్ డిస్కంకి కట్టే కరెంటు ధర. దీనికి కేంద్రం హద్దు పెట్టింది. 2024 సెప్టెంబర్ 17 నాటి మార్గదర్శకాల ప్రకారం, 2028 మార్చి 31 వరకు ఈ టారిఫ్ ఒకే భాగంగా (వేరే స్థిర రుసుము లేకుండా) ఉండాలి, డిస్కం సగటు సరఫరా వ్యయాన్ని మించకూడదు. అయితే వేళల్ని బట్టి మార్పు ఉంది: ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా, అంటే ఎండ ఉండే వేళల్లో, ఆ సగటు వ్యయానికి 0.7 రెట్లు, మిగతా వేళల్లో 1.3 రెట్లు. పగలు సోలార్ కరెంటు మిగులుతుంది, సాయంత్రం అందరూ లైట్లు, ఏసీలు వేస్తారు, అందుకే ఈ తేడా.

రెండు, సర్వీస్ ఛార్జ్. డీసీ (వేగంగా ఎక్కించే) ఛార్జర్ ఖరీదు, ట్రాన్స్‌ఫార్మర్, స్థలం, యాప్, మనిషి జీతం, లాభం అన్నీ ఇందులోనే. అసలు తేడా అంతా ఈ ముక్కలోనే ఉంటుంది. దీనికి గరిష్ఠ పరిమితి పెట్టే బాధ్యతను కేంద్ర మార్గదర్శకాలు రాష్ట్ర ప్రభుత్వాల మీద పెట్టాయి. 2023 ఏప్రిల్‌లో కేంద్రం కొన్ని అంకెలు సూచించింది: నెమ్మది ఏసీ ఛార్జర్‌కి పగలు యూనిట్‌కి 2.50, మిగతా వేళల్లో 3.50, డీసీ ఫాస్ట్ ఛార్జర్‌కి పగలు 10, మిగతా వేళల్లో 12 రూపాయలు. ఇలాంటి అంకెలు మారుతూ ఉంటాయి. లెక్క వేసే పద్ధతి చేతికొస్తే ఏ అంకె వచ్చినా మీరు వేసుకోగలరు.

మూడు, జీఎస్టీ 18 శాతం. ఇంటి కరెంటు మీద జీఎస్టీ లేదు. ఛార్జింగ్ సేవ కాబట్టి దాని మీద ఉంది. సర్వీస్ ఛార్జ్ మీద మాత్రమే కాదు, కరెంటు ముక్కతో కలిపి మొత్తం మీద. 2023లో కర్ణాటకలో జీఎస్టీ సందేహాల్ని ముందుగానే తేల్చే అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ ఈ ప్రశ్న మీదే తేల్చి చెప్పింది: రెండూ కలిసి ఒకే సేవ, పన్ను 18 శాతం. ఆ రూలింగ్ అడిగిన సంస్థకే వర్తిస్తుంది గానీ, స్టేషన్లు వేస్తున్న బిల్లులన్నీ ఈ తీరులోనే ఉంటున్నాయి. కారు కొన్నప్పుడు 5 శాతం, ఛార్జ్ చేసినప్పుడు 18 శాతం అన్నది నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. తగ్గించమని అడగాల్సింది జీఎస్టీ కౌన్సిల్‌ని, స్టేషన్ కుర్రాణ్ని కాదు.

ఇప్పుడు ఆంధ్రలోని ఒక డీసీ ఛార్జర్‌కి ఆ మూడూ కలపండి. కరెంటు 6.70 (వేళల తేడా పక్కన పెడదాం), పగటి సర్వీస్ ఛార్జ్ 10, కలిపి 16.70. దాని మీద 18 శాతం 3.01. మొత్తం 19.71. రాత్రి అయితే 6.70, 12 కలిపి 18.70, పన్నుతో 22.07. ప్రభుత్వ స్థలంలో పెట్టిన స్టేషన్ అయితే యూనిట్‌కి రూపాయి చొప్పున స్థలం వాటా కూడా ఉండొచ్చు. ఆ పెద్దాయన కట్టిన ఇరవై ఒకటి ఎక్కడ పడుతుందో చూశారా? సూర్యాపేట తెలంగాణలోది కాబట్టి కరెంటు 6 వేసుకుంటే పగలు 18.88, రాత్రి 21.24 వస్తాయి. ఆ రెండిటి మధ్యలోనే. మీకు యూనిట్ ముప్పై పడితే మాత్రం ఆగి, ఎందుకని అడగాల్సిందే.

రెండో పని: బయల్దేరే ముందు రోజు

దారిలోని స్టేషన్ల యాప్‌లు ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకుని, నంబర్ నమోదు చేసుకోండి. నార్కెట్‌పల్లి దగ్గర రెండు శాతం బ్యాటరీతో నిలబడి ఓటీపీ కోసం చూడటం కన్నా ఇది మేలు. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2022 డిసెంబర్‌లో తెచ్చిన 'ఈవీ యాత్ర' యాప్‌లో వేర్వేరు సంస్థల స్టేషన్లు ఒకేచోట కనిపిస్తాయి. దారి చూసుకోవడానికి పనికొస్తుంది. ధర మాత్రం ఆ సంస్థ సొంత యాప్‌లోనే చూడండి.

ఒక్కో స్టేషన్ దగ్గరా మూడు చూసుకోవాలి. ధర యూనిట్ మీదా, నిమిషాల మీదా? జీఎస్టీ కలిపిందా, కలపనిదా? పగలు, రాత్రి ధరలు వేరా? రెండోది చాలామంది వదిలేస్తారు. యాప్‌లో 18 అని పెద్దగా ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో పన్ను అదనం అని ఉంటుంది. 18 కాస్తా 21.24 అవుతుంది. అసలు ధరను ముందు దాచి చివర్లో ఒక్కొక్కటిగా కలిపే పద్ధతిని 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మోసపూరిత డిజైన్ల జాబితాలో చేర్చింది. చిన్న అక్షరాల్లోనైనా గన్ పెట్టకముందే కనిపిస్తే అది వేరు. ఛార్జింగ్ అయ్యాక మాత్రమే తెలిస్తే అది ఫిర్యాదు చేయదగ్గదే.

వాలెట్ విషయంలో గట్టిగా చెబుతాను: ఒక ఛార్జింగ్‌కి సరిపడా మాత్రమే వేయండి. ఈ వాలెట్లలో చాలావరకు ఆ సంస్థ దగ్గర తప్ప ఇంకెక్కడా వాడలేనివి. ఇలాంటి వాటిని నడపడానికి రిజర్వ్ బ్యాంక్ అనుమతి అక్కర్లేదు, కాబట్టి అందులో ఇరుక్కున్న డబ్బు గురించి, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లే వీలూ ఉండదు. "రెండు వేలు వేస్తే రెండొందలు అదనం" అన్న ఆఫర్ చూసి వేసి, ఆ దారిలో మళ్లీ వెళ్లని వాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే నలుగురున్నారు. నేరుగా యూపీఐతో కట్టించుకునే ఛార్జర్ ఉంటే దాన్నే ఎంచుకోండి.

మూడో పని: గన్ పెట్టే ముందు రెండు ఫోటోలు

ఒకటి కారు డ్యాష్‌బోర్డుది: బ్యాటరీ శాతం, కిలోమీటర్ల రీడింగ్, టైమ్ పడాలి. రెండోది ఛార్జర్ స్క్రీన్‌ది: ధర, యూనిట్లు సున్నా దగ్గర ఉన్నాయన్నది, ఛార్జర్ నంబర్ పడాలి. యాప్‌లో ధర కనిపించే పేజీ స్క్రీన్‌షాట్ కూడా తీసుకుంటే ఇంకా మంచిది. మొత్తం ఇరవై సెకన్ల పని.

మాల్‌లో అయితే పార్కింగ్ రుసుము వేరుగా ఉంటుందేమో గేటు దగ్గరే అడగండి. అది ఛార్జింగ్ బిల్లులో కనిపించదు. కొన్ని స్టేషన్లలో ఛార్జింగ్ పూర్తయ్యాక కూడా కారు తీయకపోతే నిమిషాల చొప్పున వేస్తారు. నా మటుకు నేను దాన్ని తప్పు పట్టను. వెనక ఎవరో వరసలో ఉంటారు. కాకపోతే ఎన్ని నిమిషాల తర్వాత, ఎంత చొప్పున అన్నది ముందే రాసి ఉండాలి.

నాలుగో పని: యూనిట్లు సరిగ్గా ఎక్కాయా అని లెక్క వేయండి

అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. పెట్రోల్ బంకులో అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్ర తెప్పించి మీ కళ్ల ముందే కొలిపించుకోవచ్చు. ఛార్జర్ దగ్గర అలాంటి కొలపాత్ర లేదు. మీ కారే ఆ కొలపాత్ర.

లెక్క ఇదీ. మీ బ్యాటరీ ఎన్ని కిలోవాట్ అవర్లో చూడండి. ఒక కిలోవాట్ అవర్ అంటే మన ఇంటి మీటర్ మీద ఒక యూనిట్. నా కారుది 30.2. దాన్ని 100తో భాగిస్తే ఒక శాతానికి 0.302 యూనిట్. 20 శాతం నుంచి 80 శాతానికి ఎక్కిస్తే 60 శాతం, అంటే 18.1 యూనిట్లు బ్యాటరీలోకి వెళ్లాలి.

బిల్లులో ఖచ్చితంగా 18.1 పడదు. కొంత నష్టం ఉంటుంది. డీసీ ఫాస్ట్ ఛార్జింగ్‌లో కరెంటు నేరుగా బ్యాటరీకి వెళుతుంది కాబట్టి నష్టం తక్కువ. 19, 20 పడితే మామూలే. ఏసీ ఛార్జర్‌లో అయితే ఏసీని డీసీగా మార్చే పని మీ కారులోపలి ఛార్జర్ చేస్తుంది, అందులో పది పదిహేను శాతం వేడిగా పోతుంది. 20, 21 దాకా రావచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం కారులో చల్లదనానికి ఏసీ వేసుకుని కూర్చుంటే ఆ కరెంటూ మీ బిల్లులోకే వస్తుంది. ఇవన్నీ కలిపినా 18 యూనిట్ల పనికి 24 పడకూడదు.

ఒక్క ఛార్జింగ్ చూసి తీర్పు చెప్పకండి. డ్యాష్‌బోర్డు చూపించే శాతం కూడా అంచనానే, ఒకటి రెండు శాతం అటూఇటూ ఉంటుంది. కారు పాతబడే కొద్దీ బ్యాటరీ సామర్థ్యం తగ్గి, అదే శాతానికి తక్కువ యూనిట్లు పడతాయి. అందుకే ఫోన్‌లో ఒక చిన్న పట్టిక పెట్టుకోండి: తేదీ, స్టేషన్, పెరిగిన శాతం, బిల్లులో యూనిట్లు, ఒక శాతానికి ఎన్ని యూనిట్లు. ఐదారు సార్లు రాసేసరికి మీ కారు అసలు అంకె మీకే తెలుస్తుంది. నాకు డీసీ మీద 0.32, 0.33 దగ్గర వస్తుంది. ఎక్కడైనా 0.38 వస్తే అక్కడ మళ్లీ ఒకసారి, ఈసారి కనీసం 40 శాతం ఎక్కించి, కారులో చల్లదనానికి వేసే ఏసీ ఆపి చూస్తాను. రెండోసారీ అంతే వస్తే లోపం ఆ ఛార్జర్‌దే.

మా తమ్ముడు కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ 2021 నుంచి కొత్తగా పెట్టే ఏసీ ఛార్జర్లు, 2023 నుంచి కొత్త డీసీ ఛార్జర్లు యూనిట్ లెక్కనే అమ్మాలని, ధర కళ్లెదుట చూపించాలని నిబంధన. తూనికలు కొలతల అధికారులు పెట్రోల్ పంపుల్ని తనిఖీ చేసినట్టే ఛార్జర్లనీ పరీక్ష పరికరంతో తనిఖీ చేస్తారు. అది మన దగ్గరా మామూలు అయ్యేదాకా మన పట్టికే మనకి దిక్కు.

ఐదో పని: గన్ తీశాక

మళ్లీ అవే రెండు ఫోటోలు. యాప్‌లో సెషన్ ముగిసిందని చూసేదాకా కదలకండి.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఏలూరు దాటాక ఒక స్టేషన్‌లో రాత్రి గన్ పెట్టిన పది నిమిషాలకి కరెంటు పోయింది. స్క్రీన్ నల్లబడింది. బ్యాటరీ 31 నుంచి 40కి వచ్చింది, అంటే 9 శాతం, రెండు ముప్పావు యూనిట్లు. గన్ తీసి ముందు ఊళ్లో చూసుకుందామని వెళ్లిపోయాను. తెల్లారి చూస్తే 11 యూనిట్లకి 233 రూపాయల 64 పైసలు కోశారు. సర్వర్‌తో సంబంధం తెగిపోవడంతో సెషన్ తెరిచే ఉండిపోయింది. సంస్థకి రాస్తే "సిస్టమ్ ప్రకారం సరైనదే" అని జవాబు. డ్యాష్‌బోర్డు ఫోటోలు జోడించి వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి వెళ్లాక ఛార్జర్ లోపలి మీటర్ రికార్డు తీసి చూశారు. 2.9 యూనిట్లే. పన్నెండో రోజు 172 రూపాయలు తిరిగొచ్చాయి. ఫోటోలు లేకపోతే నా మాటకి విలువ ఉండేది కాదు.

తర్వాత బిల్లు అడగండి. చిన్న మొత్తమే కదా అని వదిలేయకండి. సేవ అందించి బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా చెప్పింది. జీఎస్టీ చట్టం 200 రూపాయల లోపు అమ్మకాలకి ఇన్వాయిస్ నుంచి సడలింపు ఇచ్చింది గానీ, కొన్నవారు అడిగితే ఇచ్చి తీరాలి.

బిల్లులో యూనిట్లు, యూనిట్ ధర, పన్ను వేరువేరుగా ఉండాలి. 24 యూనిట్లు, 18 రూపాయల చొప్పున అయితే 432. కేంద్ర జీఎస్టీ 38.88, రాష్ట్ర జీఎస్టీ 38.88. మొత్తం 509.76. జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబర్ కొడితే సంస్థ అసలు పేరు వస్తుంది. ఫిర్యాదులో రాయాల్సింది ఆ పేరే, యాప్ పేరు కాదు.

డబ్బు వెళ్లి ఛార్జింగ్ మొదలవకపోతే

ఖాతాలో డబ్బు ఎక్కడ ఆగిందో ముందు చూడండి. యూపీఐలో కట్టారు, ఖాతా నుంచి కోశారు, స్టేషన్‌కి చేరలేదు అంటే, 2019 సెప్టెంబర్ నాటి రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ప్రకారం ఐదు రోజుల్లోపు దానంతట అదే వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు మీకు ఇవ్వాలి. యూపీఐ యాప్‌లోనే ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టండి, 12 అంకెల రిఫరెన్స్ నంబర్ దాచుకోండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. సమాచారానికి ఫోన్ 14448.

డబ్బు వాలెట్‌లోకి చేరిపోయి ఛార్జింగ్ జరగకపోతే బ్యాంకు పని అయిపోయినట్టే. అప్పుడు గొడవ ఛార్జింగ్ సంస్థతోనే.

ఫిర్యాదు: ఈ వరసలోనే వెళ్లండి

ముందు సంస్థకి, రాతపూర్వకంగా. ఫోన్‌లో మాట్లాడితే సాక్ష్యం ఉండదు. ఇలా రాస్తే చాలు:

"ఫలానా తేదీ, ఫలానా సమయం, మీ ఫలానా స్టేషన్, ఛార్జర్ నంబర్, సెషన్ నంబర్. నా కారు బ్యాటరీ ఇన్ని కిలోవాట్ అవర్లు. ఛార్జింగ్ ముందు ఇంత శాతం, తర్వాత ఇంత శాతం, ఫోటోలు జతపరిచాను. లెక్క ప్రకారం ఇన్ని యూనిట్లు రావాలి, మీరు ఇన్ని వేశారు. ఛార్జర్ మీటర్ రికార్డు పంపండి. అదనంగా తీసుకున్న ఇన్ని రూపాయలు ఏడు రోజుల్లో నా ఖాతాకి తిరిగి ఇవ్వండి."

వాలెట్‌కి కాదు, ఖాతాకి అని రాయడం మరిచిపోకండి. మీటర్ రికార్డు అడగడం కూడా. ఆ వాక్యం ఉంటే ఫైలు సాంకేతిక విభాగానికి వెళుతుంది, లేకపోతే మామూలు జవాబుతో మూసేస్తారు.

వారంలో కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. వాట్సాప్ నంబర్ 8800001915. వీళ్లు తీర్పు చెప్పరు, సంస్థకి పంపి జవాబు తెప్పిస్తారు. నా అనుభవంలో చిన్న మొత్తాలు ఇక్కడే తేలిపోతాయి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. స్టేషన్ ఎక్కడో, సంస్థ ఆఫీసు బెంగళూరులోనో ముంబైలోనో ఉన్నా సరే. ఐదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. ఇంట్లో కూర్చుని ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. 172 రూపాయల కోసం ఇంతదూరం వెళ్లాలా అని మీకు అనిపిస్తే అర్థం చేసుకోగలను. కానీ ఒకే ఛార్జర్ నెలల తరబడి పది శాతం ఎక్కువ చూపిస్తుంటే, మీ పట్టికలో అది కనిపిస్తుంటే, అక్కడ క్యాబ్ నడుపుకునే డ్రైవర్లు రోజూ ఆ పది శాతం కడుతున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గుర్ని కలుపుకుని వాళ్ల బిల్లులూ జత చేయండి.

ధర విషయంలో, అంటే పరిమితి మించి వసూలు చేస్తున్నారని అనుమానమైతే, రాష్ట్ర నోడల్ సంస్థకి (ఛార్జింగ్ స్టేషన్ల పని చూసే ప్రభుత్వ సంస్థకి) రాయండి: తెలంగాణలో టీజీ రెడ్కో, ఆంధ్రలో ఎన్‌ఆర్‌ఈడీక్యాప్. రాష్ట్రంలో ప్రస్తుతం అమల్లో ఉన్న సర్వీస్ ఛార్జ్ పరిమితి ఎంత, దాని ఉత్తర్వు నంబర్ ఏమిటి అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ ఉత్తర్వు కాపీ చేతిలో ఉంటే స్టేషన్ దగ్గర మాట్లాడే మాట వేరు.

గన్ వేడెక్కినా, నిప్పురవ్వలు కనిపించినా, తీగ చిరిగి ఉన్నా బిల్లు సంగతి తర్వాత. ఛార్జర్ మీది ఎర్ర బటన్ నొక్కి కారు దగ్గర్నుంచి దూరంగా రండి. 1912కి ఫోన్ చేయాల్సింది అప్పుడే.